సీతామహాలక్ష్మి టీచర్ గారి ఎస్టోనియా

“అరవకండి! ఎస్టోనియాలో లిఫ్టు ఆగిపోతే ఎవరూ అరవరు.”

“మరేం చేస్తారండీ?”

“నిలబడతారు.”

“ఎంతసేపు?”

“ఎవరో ఒకరు వచ్చేదాకా.”

“అరవకపోతే ఆ వచ్చేవాడికి ఎలా తెలుస్తుందండీ, మనం ఇందులో ఇరుక్కున్నామని?”

“తెలుస్తుంది. అక్కడి మనుషులకి బాధ్యత ఎక్కువ.”

“ఇది ఎస్టోనియా కాదండీ బాబూ, ఫిల్మ్‌నగర్! ఇక్కడ అరిచినా ఎవడూ రాడు. రిహార్సల్ అనుకుంటారు!”

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిన లిఫ్టులోంచి వస్తున్న ఈ పోట్లాటని బయట మెట్ల మీద నిలబడి వింటున్నవాళ్ళం ముగ్గురం. నేను, వాచ్‌మన్ లక్ష్మయ్య, లోపలున్నావిడ భర్త వేంకటరమణ గారు. ఆవిడతో పాటు లోపల ఇరుక్కున్నది ఐదో అంతస్తు కో-డైరెక్టర్ రవిచంద్ర గారు. లిఫ్టు మెకానిక్ యూసఫ్‌గూడ దాటాననీ, వస్తున్నాననీ పావుగంటగా ఫోన్లో చెబుతున్నాడు.

వేంకటరమణ గారు ముప్పై ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా ఇతరుల మాటలు విని విని, తన మాటల మీద ఆశ వదులుకున్నాడు. గడియారం చూసుకుని మెల్లగా అన్నారు: “టేక్ ఆరు.”

“గదేంది సార్?” అన్నాడు లక్ష్మయ్య.

“లేచింది మొదలు ఎస్టోనియా పేరెత్తడం ఇది ఆరోసారి.”

“ఇంక ఎనిమిదే అయింది గద సార్.”

“అందుకే ఆరు.”

సీతామహాలక్ష్మి టీచర్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎస్టోనియా. నాలుగేళ్ళ క్రితం టీచర్ల మార్పిడి కార్యక్రమం ఒకటి వస్తే, బడిలో అందరూ చలి అని భయపడి తప్పుకుంటే, ఈవిడ రెండు స్వెట్టర్లూ ఒక ఆవకాయ సీసా పట్టుకుని వెళ్ళొచ్చారు. ఉన్నది పంతొమ్మిది రోజులు. ఆ పంతొమ్మిది రోజుల్ని నాలుగేళ్ళుగా మా అందరి చేతా నమిలిస్తున్నారు. ఎండ ఎక్కువైతే ఎస్టోనియాలో ఎండే ఉండదు. ఎండ లేకపోతే అచ్చం ఎస్టోనియాలా ఉంది. కూర మాడితే అక్కడ కూరలే వండరు.

ఎస్టోనియా ఎక్కడుందో మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. ఆరు నుంచి పది దాకా నాకు సోషల్ చెప్పింది ఆవిడే, అయినా తెలియదు. అది ఆవిడ తప్పు కాదు. నేను కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి.

ఒక సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. మా అపార్ట్‌మెంటులో అమెరికా చూసొచ్చినవాళ్ళు అంతస్తుకి ఇద్దరు. అమెరికా గురించి ఎవరైనా ఒక ముక్క ఎక్కువ కోస్తే అక్కడికక్కడే పట్టుకునేవాళ్ళు ఇంకో నలుగురు. ఎస్టోనియా చూసొచ్చింది టీచర్ ఒక్కరే. ఆ దేశం విషయంలో ఆవిడ నోటిమాటే గెజిట్. ఈ సౌకర్యం ఎంత పెద్దదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక నేను. పేరు సూర్యతేజ. ఇంజనీరింగ్ మూడో ఏడులో ఆపేశాను. అదే అపార్ట్‌మెంటు డాబా మీది గదిలో ఉంటూ సినిమా కథలు రాస్తాను. ఇప్పటికి పదకొండుమంది నిర్మాతలు విన్నారు. పదకొండుమందీ ఒకే మాట అన్నారు: “బాగుంది కానీ నమ్మేలా లేదు.”

ఆవిడతో ఎర్రగడ్డ కూరగాయల బజారుకి ఒక్కసారి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళను. ఎస్టోనియాలో వరసలో మనిషికీ మనిషికీ మధ్య బారెడు దూరం ఉంటుందట. అందుకని ఆవిడ టమాటాల బండి దగ్గర బారెడు దూరం వదిలి నిలబడ్డారు. ఆ బారెడులోకి మొదట ఒక ముసలమ్మ వచ్చింది. తర్వాత ఇద్దరు కాలేజీ పిల్లలు. తర్వాత స్కూటర్ ఒకటి.

“టీచర్, జర ముందుకు జరగండి. లేకుంటే రేపటిదాకా గిట్లనే ఉంటం.”

“తప్పురా. ఎదుటి మనిషికి ఊపిరాడే చోటు ఇవ్వాలి.”

“ఊపిరాడే చోట్ల బండ్లు పార్క్ చేస్తున్రు టీచర్!”

గంటన్నర తర్వాత మా వంతు వచ్చింది. టమాటాలు అయిపోయాయి. ఆవిడ ఆ బండి వాడికి ఒంగి మరీ థాంక్స్ చెప్పి, దొరికిన రెండు సొరకాయలు నాచేత మోయించారు. ఇంటికి రాగానే వేంకటరమణ గారు సొరకాయల్ని చూసి ఏమీ అడగలేదు. “ఎస్టోనియా?” అన్నారంతే.

జూబ్లీహిల్స్ కొండ దిగి బోరబండ వైపు పోయే దారిలో ఉంది ఆవిడ బడి. సగంమంది మేకప్‌మెన్, లైట్‌మెన్, డ్రైవర్ల పిల్లలు. మిగతా సగం ఆఫీసు ఉద్యోగాల వాళ్ళ పిల్లలు. వార్షికోత్సవానికి నాటిక రాసిమ్మని పిలిస్తే వెళ్ళాను. ఆరో తరగతి గుమ్మంలో బూట్లన్నీ వరసగా విప్పి ఉన్నాయి. లోపల పిల్లలందరి కాళ్ళకీ పాత కర్టెన్లతో కుట్టిన గుడ్డ చెప్పులు. ఎస్టోనియా ఆచారం. మధ్యాహ్నం గంట కొట్టగానే టిఫిన్ బాక్సులన్నీ బల్లల మధ్యకి చేరాయి. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ బాక్సుల్ని కలిపేసి, అటూ ఇటూ తిప్పి, “ఊ, తెరవండి!” అన్నారు. చేతికి ఏది తగిలితే అది, పక్కవాళ్ళతో పంచుకుని తినాలి. అదీ ఎస్టోనియా ఆచారమే.

నేను నాటిక కథ చెప్పి, “ఎట్లుంది?” అని అడిగాను. ముప్పై ఆరుమంది పిల్లలు. ఒక్కరూ నోరు తెరవలేదు. పన్నెండో నిర్మాత కూడా చేజారిపోయాడనుకున్నాను. కాసేపటికి ముప్పై ఆరుగురూ ఒక్కసారిగా, “బాగుంది అన్నా!” అన్నారు.

“గింతసేపు ఏం జేసిన్రు?”

ముందు బెంచీలో హరిణి అనే పిల్ల లేచింది. ప్రశ్నలడగడానికే పుట్టిన రకం, జవాబులు కూడా తానే చెబుతుంది. “మనసులో పది లెక్కపెట్టాం అన్నా. ఎస్టోనియాలో ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. మాట ఆగినా మనం అందించకూడదు. పది లెక్కపెట్టాలి. అయినా రాకపోతే మళ్ళీ పది.”

పిచ్చి దేశం అనుకున్నాను. కానీ ఆ పిచ్చి దేశానికి నేను బాకీ ఉన్న మనిషిని. అది కూడా చెప్పాలి.

రెండేళ్ళ క్రితం నేను కాలేజీ మానేసినప్పుడు మోతీనగర్‌లో మా ఇల్లు చావు ఇల్లులా ఉండేది. మా అమ్మ రాజమ్మ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, ఎందుకు ఆపాడని. నాలుగో రోజు టీచర్ వచ్చారు. చేతిలో ఏదో గుడ్డలో చుట్టి ఉంది. విప్పితే నల్లటి ఇటుక.

“రొట్టె అండీ. ఎస్టోనియాలో ఎవరైనా చదువు మధ్యలో ఆపితే ఆ ఇంటికి నల్ల రొట్టె తీసుకెళ్ళి ఇస్తారు. ఎందుకు ఆపావని మాత్రం అడక్కూడదు. అది వాళ్ళ ఆచారం.”

మా అమ్మ ఏడుపు ఆపింది. “గాడ గూడ ఆపేస్తరా టీచరమ్మా?”

“ఆపకపోతే ఆచారం ఎందుకొస్తుంది చెప్పండి?”

మా అమ్మ ముక్కు తుడుచుకుని లేచి టీ పెట్టింది. ఆ రొట్టెని మాత్రం ఏమీ చేయలేకపోయాం. అక్కడి పిండి ఇక్కడ దొరక్క ఆవిడ రాగిపిండితో చేశారట. పళ్ళు దిగలేదు, కత్తి దిగలేదు, రోకలికి కూడా లొంగలేదు. ఇప్పటికీ మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేది దాన్నే. మా అమ్మ చుట్టాలకి చెప్పే పద్ధతి కూడా మారిపోయింది: “మావోడు ఎస్టోనియా లెక్క సదువు ఆపిండు.” వినేవాళ్ళు అదేదో పెద్ద కోర్సనుకుని నోరు మూసుకునేవాళ్ళు.

లిఫ్టు గొడవ జరిగిన వారానికి అసలు ఎస్టోనియానే మా అపార్ట్‌మెంటుకి బయల్దేరింది. అక్కడ టీచర్‌కి తన ఇంట్లో చోటిచ్చిన కాద్రి అనే ఆవిడ, ఆవిడా బడి పంతులమ్మే, ఎనిమిది రోజుల కోసం హైదరాబాద్ వస్తున్నారు.

“ఒరేయ్ సూర్యా, ఎయిర్‌పోర్టుకి నువ్వెళ్ళు.”

“నేనెందుకు టీచర్?”

“నీకు ఇంగ్లీషు వచ్చు, పని లేదు. ఇంతకన్నా ఏం అర్హత కావాలిరా?”

వెళ్ళాను. తెల్లగా, పొడుగ్గా, భుజాన పెద్ద సంచీతో ఒకావిడ బయటికొచ్చి, నా చేతిలో తన పేరు రాసిన అట్ట చూసి, నా ముఖంలోకి సూటిగా చూసి అడిగారు: “తిన్నావా?”

తెలుగే. శుభ్రంగా ఉంది. తిన్నానన్నాను. ఆవిడ క్యాబ్ డ్రైవర్ని కూడా అడిగారు. టోల్ గేటు కుర్రాణ్ణి అద్దం దించి మరీ అడిగారు. లోపల పాస్‌పోర్టు చూసే ఆఫీసర్ని కూడా అడిగారట. అతను పాపం ఇంకా లేదన్నాడట.

దారంతా ఇంగ్లీషులో నేనే మాట్లాడాను. ఆవిడ ఊ కొడితే గొప్ప. పది లెక్కపెడుతున్నారు కాబోలని నేనూ ఓపిక పట్టాను. తర్వాత నా ధర్మంగా కృతజ్ఞత చెప్పాను.

“మేడమ్, మీ రొట్టె ఆచారం లేకపోతే మా అమ్మ నన్ను బతకనిచ్చేది కాదు. మీ దేశానికి చాలా థాంక్స్.”

“ఏ రొట్టె?”

చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. “మాకు నల్ల రొట్టె ఉంది. చదువు ఆపినవాళ్ళకి ఇచ్చే ఆచారం లేదు. ఆపితే ఇంట్లో తిడతారు.”

“మరి, కళ్ళు మూసుకుని లంచ్ బాక్సులు కలపడం?”

“మా బడిలో అందరికీ బడే భోజనం పెడుతుంది. బాక్సులే ఉండవు.”

“లోపల గుడ్డ చెప్పులు?”

“అది ఉంది. బయటి బూట్లు లోపలికి రావు.”

“హమ్మయ్య. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పది లెక్కపెట్టడం?”

కేబుల్ బ్రిడ్జి తీగలు కిటికీ పక్కనుంచి ఒకటొకటిగా పోతుంటే ఆవిడ వాటినే చూస్తూ కూర్చున్నారు. “మేం తక్కువ మాట్లాడతాం, నిజమే. లెక్క మాత్రం పెట్టం.”

“లిఫ్టు ఆగిపోతే?”

“అరుస్తాం,” అన్నారు కాద్రి మేడమ్. “చాలా గట్టిగా.”

ఇల్లు చేరి, ఆవిడ స్నానానికి వెళ్ళగానే నేను వంటింట్లోకి దూరాను. టీచర్ పులిహోర కలుపుతున్నారు. వేంకటరమణ గారు వేరుశనగపప్పు పొట్టు తీస్తున్నారు. నాకు చుట్టు తిప్పి మాట్లాడటం రాదు.

“టీచర్, మీరు చెప్పేదంతా ఉత్తదే గదా? నాలుగేండ్ల సంది అందరి చెవుల్ల పువ్వులు పెడుతున్రు గదా?”

వేంకటరమణ గారు లేచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేశారు. రికార్డింగ్‌కి ముందు నిశ్శబ్దంలా ఉంది వంటిల్లు.

“కాద్రిని అడిగావా?” అన్నారు టీచర్.

“థాంక్స్ చెప్పిన. దొరికిపోయిన్రు.”

“ఎన్ని చెప్పావు?”

“నాకు గుర్తున్నవన్నీ.”

ఆవిడ పసుపు చేతులతోనే కుర్చీలో కూర్చున్నారు. “బాక్సుల సంగతి ఒక పిల్ల కోసంరా. రోజూ ఖాళీ బాక్సు మోసుకొచ్చి, తిన్నట్టు మూత వెనక తల దాచుకునేది. ఎవరని అడక్కు, చెప్పను. ఇప్పుడు దానికి కూడా తెలియదు, ఏ బాక్సు ఖాళీదో. పది లెక్క శ్రీనిధి కోసం.”

శ్రీనిధి నాకు తెలుసు. మూడో బెంచీలో, జడలకి ఎప్పుడూ ఎర్ర రిబ్బన్లు వేసుకునే పిల్ల. మాట గొంతులో పట్టేస్తుంది. పాత బడిలో పిల్లలు అది పూర్తి చేసేలోపు పోటీలు పడి దాని మాటలు పూర్తిచేసేవాళ్ళట. అది అనబోయింది ఒకటైతే వీళ్ళు ఇంకొకటి అని నవ్వేవాళ్ళట. రెండు నెలలు బడికే పోలేదట.

“ఆ ముక్క క్లాసులో నేరుగా చెప్పొచ్చు గదా టీచర్? శ్రీనిధి మాట్లాడితే నవ్వొద్దు అని.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా? నవ్వాలా వద్దా అని ముప్పై ఐదుమందీ దాని ముఖంకేసే చూస్తారు. అదే ఎస్టోనియా అన్నాననుకో, దాన్నెవరూ చూడరు. గోడ మీద మ్యాపు చూస్తారు.”

నేను వేంకటరమణ గారి పక్కన కూర్చుని పప్పు పొట్టు తీయడం మొదలెట్టాను. ఆవిడ ఆగలేదు.

“అయినా ఉత్తదే అనకురా. అక్కడ మొదటి రోజు స్టాఫ్‌రూములో నాకు ఇంగ్లీషు మాట దొరక్క ఆగిపోయాను. పదిమంది ఉన్నారు. ఒక్కరూ అందించలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఎంత పొగరో అనుకున్నాను. రెండు రాత్రులు ఈయనకి ఫోన్ చేసి ఏడ్చాను.”

“రెండు కాదు, మూడు,” అన్నారు వేంకటరమణ గారు.

“తర్వాత కాద్రిని అడిగేశాను, మీకు నేనంటే చిన్నచూపా అని. ఆవిడ తెల్లబోయింది. నీ మాట నీది కదా, మధ్యలో మేమెలా తీసుకుంటాం అంది. అప్పుడు తెలిసిందిరా, పొగరని నేననుకున్నది వాళ్ళ మర్యాద అని. ఇరవై రెండేళ్ళుగా నా పిల్లల సగం మాటలు నేనే పూర్తిచేశానని కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళు లెక్కపెట్టరు, నిజమే. ఊరికే ఆగుతారు. మన పిల్లల్ని ఆగమంటే ఆగుతారా? లెక్కపెట్టమంటే పెడతారు.”

రేపు బడిలో కాద్రి మేడమ్‌కి సభ. స్వాగతం చెప్పేది శ్రీనిధే. నాలుగు వాక్యాలు, నెల్లాళ్ళుగా అద్దం ముందు సాధన. సభ అయ్యాక పిల్లలు ప్రశ్నలడుగుతారు. హరిణి ఏం అడుగుతుందో మా ముగ్గురికీ తెలుసు. అక్కడ అలాంటిదేమీ లేదని ఆ మేడమ్ నోట వచ్చిందా, పిల్లలకి నిమిషంలో అర్థమైపోతుంది, ఈ లెక్కంతా ఎవరి కోసమో. ఎల్లుండి నుంచి శ్రీనిధి మళ్ళీ ఇంట్లోనే.

“ఫికర్ జేయకండి టీచర్. మేడమ్‌కి ఇప్పుడే ముందుగాల చెప్పేద్దాం.”

“నా ఇంటికొచ్చిన మనిషిని నా కోసం అబద్ధమాడమని అడగనా? ఎస్టోనియాలో అయితే...” అని, నోటికి అడ్డంగా పసుపు చెయ్యి పెట్టుకున్నారు.

“కట్,” అన్నారు వేంకటరమణ గారు, చాలా మెల్లగా.

మర్నాడు ఆరో తరగతి గదిలో గుడ్డ చెప్పులతో వెనకాల నిలబడ్డాను. కాద్రి మేడమ్ కూడా గుమ్మంలో బూట్లు విప్పి, సంచీలోంచి సొంత చెప్పులు తీసి వేసుకున్నారు. పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఒక ఆచారం ప్యాసైంది.

శ్రీనిధి లేచింది. “నమస్కారం మేడమ్. మా బడికి...” అని ఆగింది. గది ఆగింది. ముప్పై ఐదు జతల పెదాలు సన్నగా కదులుతున్నాయి. బయట రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ కొండ ఎక్కింది. ఎవరూ తల తిప్పలేదు. “...మీకు స్వాగతం,” అంది శ్రీనిధి. మిగతా మూడు వాక్యాలూ అలాగే వచ్చాయి, తీరిగ్గా, ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోకుండా. కూర్చున్నాక అది రిబ్బను సర్దుకుంది, మంత్రిగారు ప్రసంగం ముగించి కండువా సర్దుకున్నట్టు.

అప్పుడు లేచి ఇంగ్లీషులో అడిగింది హరిణి.

“మేడమ్, మీ స్కూల్లో కూడా పదే లెక్కపెడతారా?”

టీచర్ చేతిలో డస్టర్ బల్ల మీద పడింది. సుద్దపొడి లేచింది. నేను అడ్డుపడి ఏదో ఒకటి వాగేద్దామని నోరు తెరిచాను. అంతకుముందే హరిణి తిరిగి నన్ను కళ్ళతోనే నొక్కింది, మధ్యలో దూరకూడదని.

కాద్రి మేడమ్ నిలబడే ఉన్నారు. హరిణిని చూశారు. టీచర్‌ని చూశారు. ఇంకెవరినీ చూడకుండా గోడ మీది మ్యాపు చూశారు. పిల్లలు లెక్కపెడుతున్నారు, నాకు పెదాలు కనిపిస్తున్నాయి. ఎనిమిది. తొమ్మిది. పది. ఆవిడ ఇంకా మాట్లాడలేదు. పదకొండు.

“మా బడిలో పన్నెండు,” అన్నారు. “కానీ పది కూడా బాగానే ఉంది. మీది తొందర ఊరు కదా.”

గది గొల్లున నవ్వింది. రేపట్నుంచి మనమూ పన్నెండు చేద్దామని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. శ్రీనిధి లేచింది. “ప...” అని ఆగింది. అందరూ ఆగారు. “పది చాలు మేడమ్. లంచ్ బెల్ దాటిపోతుంది,” అంది.

స్టాఫ్‌రూములో టీచర్ కాద్రి మేడమ్ రెండు చేతులూ పట్టుకున్నారు. “ఎలా తెలిసింది?” అన్నారు ఇంగ్లీషులో.

“ఈ అబ్బాయి కారులో జాబితా అంతా చదివాడు. నేనూ టీచర్నే కదా. ఇన్ని ఆచారాలు ఊరికే పుట్టవు, ఒక్కోదాని వెనక ఒక్కో పిల్ల ఉంటుంది.” తర్వాత ఆవిడ కాస్త ఎర్రబడ్డారు. “నేను కూడా ఒకటి చెప్పాలి. నా తరగతిలోకి వేరే దేశం నుంచి ఒక పిల్ల వచ్చింది. భోజనాల దగ్గర దాని పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నువ్వు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే నన్ను ‘తిన్నావా’ అని అడిగేదానివి కదా, అది గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో పక్కవాళ్ళని ‘తిన్నావా’ అని అడక్కుండా ముద్ద ఎత్తడం నేరం అని మా పిల్లలకి చెప్పాను. జరిమానా కూడా ఉందని చెప్పాను.”

“జరిమానా లేదు గానీ,” అన్నారు టీచర్ కళ్ళు తుడుచుకుంటూ, “మా అత్తగారు బతికుంటే శిక్ష ఉండేది.”

“అందుకే వచ్చినప్పట్నుంచి అందరినీ అడిగి చూశాను. ఒక్కరూ వింతగా చూడలేదు. ఆ పాస్‌పోర్టు ఆఫీసర్ కూడా నిజమే చెప్పాడు.”

వెళ్ళే ముందురోజు ఆవిడ మోతీనగర్ వెళ్ళాలన్నారు. తీసుకెళ్ళాను. సంచీలోంచి అసలైన నల్ల రొట్టె తీసి, మా అమ్మకి రెండు చేతులా అందించి, నన్ను చూపించి, ఏమీ అడక్కుండా తల ఊపారు. మా అమ్మ పొంగిపోయింది.

“జూసినవారా, గిదే గా ఆచారం! టీచరమ్మ అబద్ధం జెప్పలే.” ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని ఆశ్చర్యపోయింది. “గిది మెత్తగనే ఉంది గదరా! మరి అదెందుకట్లున్నది?”

అది టీచర్‌నే అడిగాను, కాద్రి మేడమ్ విమానం ఎక్కాక, మర్నాడు పొద్దున లిఫ్టులో. ఆచారం సంగతి వదిలేయండి, ఆ రొట్టె అట్ల ఎందుకు జేసిన్రు అని.

“ఆచారం అబద్ధం గానీ, రొట్టె నిజంగానే పాడైందిరా,” అన్నారు ఆవిడ.

“మరి లిఫ్టు సంగతి? మేడమ్ గట్టిగా అరుస్తామన్నరు గదా.”

“రవిచంద్ర గారికి మూసిన తలుపులంటే భయం. చేతులు వణికిపోతున్నాయి, చొక్కా తడిసిపోయింది. పోట్లాటలో పెడితే భయం మర్చిపోతారని ఏదో అనేశాను. పావుగంట నామీద అరిచి, దిగేటప్పటికి మనిషి హుషారుగా ఉన్నారు.”

లిఫ్టు రెండో అంతస్తు దాటింది. ఆవిడ అటూ ఇటూ చూశారు, లోపల మేమిద్దరమే ఉన్నా గొంతు తగ్గించారు.

“ఆరో తరగతిలోకి వర్ణిక అని కొత్త పిల్ల వచ్చిందిరా. వాళ్ళ నాన్న సినిమాల్లో ఫైటర్. ఏ సినిమాలో చూసినా హీరో చేతిలో తన్నులు తిని ఎగిరి బండి మీద పడేది ఆయనే. పిల్లలు దాన్ని చూసి, నిన్న మీ నాన్నని మళ్ళీ కొట్టారటగా అంటున్నారు. రెండు రోజుల్నుంచి వెనక బెంచీ దిగడం లేదు. నాలుగేళ్ళుగా చెప్పీ చెప్పీ నా దగ్గర సరుకంతా అయిపోయింది. నువ్వు కథలు రాస్తావు కదరా, సోమవారం ప్రార్థన గంట కొట్టేలోపు నాకొక ఎస్టోనియా ఆచారం రాసిపెట్టు. కాస్త నమ్మేలా రాయి, పాటలూ గట్రా పెట్టకు, వాళ్ళు నెమ్మదస్తులు.”